ఫెరారీనా, లంబోర్గినీనా, పోర్షేనా? గంటకు 60లో తేల్చుకోండి

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 47. చిన్నప్పుడు మంచం పక్క గోడకు లంబోర్గినీ కౌంటాష్ బొమ్మ అంటించుకుని, దాన్ని చూస్తూ నిద్రపోయేవాణ్ణి. ఇన్నేళ్లకు ఒక్క స్పోర్ట్స్ కారు, అదీ వాడిన కారు, కొనుక్కునే స్తోమత వచ్చింది. ఫెరారీ 458, లంబోర్గినీ హురకాన్, మెక్‌లారెన్ 720ఎస్, పోర్షే 911 జీటీ3. ఈ నాలుగింటి మధ్య కొట్టుకుంటున్నాను. మొదటి మూడింటినీ ఒక ట్రాక్ మీద డబ్బు కట్టి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చోగా, మూడేసి ల్యాపులు నడిపాను. మూడూ భయంకరమైన వేగం. దిగాక ఏది ఎలా ఉందని అడిగితే చెప్పలేకపోయాను. హురకాన్ శబ్దం మాత్రం చెవుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత నా స్నేహితుడు తన మాన్యువల్ గేరు జీటీ3 ఇచ్చాడు. తెల్లవారుజామున ఒక కొండదారిలో గంటసేపు నడిపాను. పెద్ద వేగమేమీ వెళ్లలేదు. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపేసి కాసేపు అలాగే సీట్లో కూర్చుండిపోయాను. కానీ అందరూ "అంత డబ్బు పోసి ఫెరారీ కొనకుండా పోర్షే కొంటావా?" అంటున్నారు. అంకెలు చూస్తే మెక్‌లారెన్ అన్నింటికన్నా ముందుంది. నేను నడిపేది నెలకు రెండు మూడు ఆదివారాలు, పొద్దున్నే, కొండదారుల్లో. ట్రాక్‌కి ఏడాదికి ఒకసారి వెళ్తే గొప్ప. నడపడంలో అసలైన ఆనందం దేనిలో ఉందో మీరైనా చెప్పండి. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
(పేరు వద్దన్నారు)

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇంజిన్ ఆపేసి కాసేపు అలాగే సీట్లో కూర్చుండిపోయాను." హురకాన్ గురించి మీరు రాసింది దాని శబ్దం. మెక్‌లారెన్ గురించి రాసింది అంకెలు. ఫెరారీ గురించి మీరు సొంతంగా ఏమీ రాయలేదు, చుట్టూ ఉన్నవాళ్లు అన్న మాట రాశారు. జీటీ3 దగ్గరికొచ్చేసరికి మాత్రం మీకేమైందో రాశారు. నా జవాబు ఎటు మొగ్గుతుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అయినా మిగతా మూడింటికీ అన్యాయం చేయకూడదు. అవి మూడూ గొప్ప కార్లే. ఎవరికి, ఏ దారిలో, ఏ వేగంలో గొప్పవో తెలుసుకుని వదులుకుంటే రేపు మనసు పీకదు.

ముందు ఆ మూడు ల్యాపుల సంగతి. తేడా చెప్పలేకపోయానని బాధపడకండి. కొత్త ట్రాక్, కొత్త కారు, పక్కన "ఇక్కడ బ్రేక్, ఇప్పుడు తిప్పండి, ఇక తొక్కండి" అంటూ ఒక గొంతు. మీ బుర్ర మొత్తం ఆ గొంతుకు లోబడడానికే సరిపోతుంది. చేతులు ఏం పట్టుకున్నాయో, నడుము కింద ఏం జరుగుతోందో గమనించే తీరిక ఎక్కడ? పైగా ఇంత బలమున్న కార్లలో మొదటి పది నిమిషాలూ మనిషికి తెలిసేది ఒక్కటే, వేగం. నాలుగూ అదే ఇస్తాయి. వీపు సీటుకు అతుక్కుపోవడం నాలుగింటిలోనూ ఒకేలా ఉంటుంది. ఆ అనుభూతి చాలా తొందరగా పాతబడుతుంది కూడా. వారం తిరిగేసరికి ఒళ్లు అలవాటు పడిపోతుంది. అలవాటు పడ్డాక కారులో ఏం మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట కేవలం అంకెలు చూసి ఒక కారు కొన్నాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. నున్నగా, మహా వేగంగా వెళ్లేది. కాకపోతే మామూలు రోడ్డు మీద వెళ్లదగిన వేగంలో అది నిద్రపోతూ ఉండేది. దాన్ని మేలుకొలపాలంటే నేను జైలుకెళ్లేంత వేగంలో నడపాలి. మలుపుల దారిలో వెళ్లినా, చదునైన దారిలో వెళ్లినా చేతులకు ఒకటే కబురు. ఎనిమిది నెలల్లో అమ్మేశాను. అమ్మిన రోజు దిగులు వేయలేదు. ఆ దిగులు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే ఈ నాలుగింటినీ నేను గంటకు 60 నుంచి 100 కిలోమీటర్ల మధ్య తూచి చెబుతాను. మీ ఆదివారాలు గడిచేది అక్కడే.

మొదట స్టీరింగ్. దీని గురించి మీరు వినే మాట ఒకటుంది: పాత హైడ్రాలిక్ స్టీరింగ్ (నూనె ఒత్తిడి సాయంతో తిరిగేది) అయితే రోడ్డు చేతికి తెలుస్తుంది, కరెంటు మోటారు పెట్టాక ఆ స్పర్శ చచ్చిపోయింది అని. చాలావరకు నిజమే. మీ జాబితాలో 458కీ, 720ఎస్‌కీ హైడ్రాలిక్ సాయమే ఉంది. మెక్‌లారెన్ వాళ్లయితే అందరూ మోటారుకు మారిపోయినా పట్టుబట్టి హైడ్రాలిక్‌నే అట్టిపెట్టుకున్నారు, తమ హైబ్రిడ్ కారు ఆర్టురాలో కూడా. దాని ఫలితం చేతికి తెలుస్తుంది. 720ఎస్‌లో తారు రోడ్డు మీద వేసిన తెల్లగీతను ఒకవైపు టైరు తొక్కితే ఆ పలుచటి పూత మందం కూడా వేళ్లకు అందుతుంది. గతుకు వస్తే స్టీరింగ్ అరచేతిలో సన్నగా కదిలి మళ్లీ సర్దుకుంటుంది. స్టీరింగ్ ఒక్కటే లెక్కయితే నా ఓటు మెక్‌లారెన్‌కే.

458 స్టీరింగ్ తీరు వేరు. చాలా చురుకు. కాస్త తిప్పితే చాలు, ముక్కు టక్కున మలుపులోకి దూరుతుంది. మొదటి రోజు అందరూ అవసరమైన దానికన్నా ఎక్కువ తిప్పి, మళ్లీ వెనక్కి సరిదిద్దుకుంటూ నడుపుతారు. రెండో రోజుకి మణికట్టుతో నడపడం వస్తుంది. వచ్చాక అదొక మత్తు. దీనికి అలవాటు పడ్డవాళ్లకు వేరే కారు ఎక్కితే స్టీరింగ్ బద్ధకంగా అనిపిస్తుంది. అయితే చురుకుదనం వేరు, కబురు చెప్పడం వేరు. 458 మీ మాట ఇట్టే వింటుంది. టైరు ఎంత పట్టులో ఉందో చెప్పడంలో మాత్రం మెక్‌లారెన్ అంత వివరంగా చెప్పదు.

ఇక మీ స్నేహితుడి జీటీ3లో ఉన్నది, 2011 తర్వాతి 911 అయితే, ఆ తిట్టుకునే కరెంటు మోటారే. అయినా మీరు గంటసేపు నడిపి కదలకుండా కూర్చున్నారు. అంటే లోపల నూనె ఉందా మోటారు ఉందా అన్నది సగం సంగతే. మిగతా సగం దాన్ని ఎంత ఓపికగా సర్దారన్నది. పోర్షే వాళ్లు ఆ మోటారు స్టీరింగ్‌తో మొదట్లో మాటలు పడ్డారు, తర్వాత ఏళ్ల తరబడి దిద్దుకుంటూ వచ్చారు. 2021 నాటి జీటీ3కి ముందు చక్రాల సస్పెన్షనే మార్చి, రేసు కార్లలో వాడే డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే ఏర్పాటు) పెట్టారు. ఆ కారు మలుపులోకి తిరగబోయే ముందు, తిరిగే క్షణంలో, తిరిగాక స్టీరింగ్ బరువు మూడు రకాలుగా ఉంటుంది. ఆ బరువు మారడమే మీకు కబురు.

హురకాన్ స్టీరింగ్ నాకు వీటిలో అన్నింటికన్నా తక్కువ నచ్చింది. నిర్మొహమాటంగా చెబుతున్నాను, ఎందుకంటే మిగతా విషయాల్లో ఆ కారంటే నాకు ప్రేమ. వేగాన్ని బట్టి స్టీరింగ్ నిష్పత్తి మారే ఏర్పాటు కొన్ని హురకాన్‌లలో ఉంటుంది. నిన్న ఒక మలుపుకి ఇంత తిప్పాను అని చేతులు గుర్తుపెట్టుకుంటే, ఇవాళ వేరే వేగంలో ఆ లెక్క కుదరదు. కొనేదేదైనా ఉంటే ఆ ఏర్పాటు లేని కారు వెతుక్కోండి.

ఇప్పుడు ఇంజిన్లు. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. 458లో 4.5 లీటర్ల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు), 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 570 హార్స్‌పవర్. హురకాన్‌లో 5.2 లీటర్ల వీ10, 2014లో వచ్చినప్పుడు 610 హార్స్‌పవర్. జీటీ3లో, 2017 నుంచి, 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 500 హార్స్‌పవర్, అదీ 9,000 దాకా తిరుగుతుంది. ఈ మూడింటికీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) లేదు. 720ఎస్‌లో 4 లీటర్ల వీ8, రెండు టర్బోలు, పేరులో ఉన్నట్టే 720 హార్స్‌పవర్. కాగితం మీద మిగతావి దాని దరిదాపుల్లోకి కూడా రావు. నిలబడ్డ చోటి నుంచి 200 చేరడానికి 720ఎస్‌కి 8 సెకన్లు కూడా పట్టదు.

కానీ కొండదారిలో ఆ 720తో మీరేం చేస్తారు? ఒక మలుపు నుంచి బయటికొచ్చి యాక్సిలరేటర్ తొక్కారనుకోండి. తక్కువ ఆర్‌పీఎంలో ఉంటే ముందు కాస్త ఊపిరి బిగబట్టినట్టుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మీరు ఆనందించే లోపు వచ్చే మలుపు ముక్కు మీదకొస్తుంది. కాలు తీసేయాలి. దారి పొడవునా ఇదే. ఉన్న బలంలో మూడో వంతు కూడా వాడకుండా, ప్రతిసారీ మింగేసుకుంటూ నడపాలి. టర్బో లేని ఇంజిన్ అలా కాదు. కాలు ఎంత నొక్కితే అంత, ఎప్పుడు నొక్కితే అప్పుడు. 4,000 దగ్గర ఒక గొంతు, 6,000 దగ్గర ఇంకో గొంతు, 8,000 దాటాక వెన్నులో వణుకు పుట్టించే గొంతు. పైకి వెళ్లేకొద్దీ దక్కేది పెరుగుతుంది కాబట్టి చివరిదాకా వెళ్లాలనిపిస్తుంది. అక్కడికి వెళ్లడమే ఒక ప్రయాణం.

ఆ గొంతుల్లో హురకాన్‌ది మొదటి స్థానం. మీ చెవులు మోసపోలేదు. 458ది సన్నగా, పదునుగా, గుడ్డ నిలువునా చింపినట్టుంటుంది. ఫెరారీ వీ8లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చదునుగా ఉండే రకం కావడం వల్ల వచ్చిన గొంతు అది. హురకాన్‌ది గుండెల్లోంచి వచ్చే గర్జన, పైకి వెళ్లేసరికి కేక. మెక్‌లారెన్‌ది ఎంత మెచ్చుకుందామన్నా పని చేస్తున్న యంత్రం చప్పుడే. జీటీ3 అయితే మొదట్లో డొక్కు బండిలా గలగలమంటుంది, లోపల ఏదో వదులైనట్టు. 7,000 దాటాక ఆ గలగల అంతా ఒక్క తీగలా బిగుసుకుంటుంది. మీరు ఆ కొండదారిలో అంతదాకా వెళ్లారో లేదో నాకు తెలియదు. రెండో గేరులోనే ఆ ఇంజిన్ని ఎర్రగీత దాకా, అంటే అది తిరగగల హద్దు దాకా లాగితే 120 దాటిపోతుంది. అది జీటీ3లో నాకున్న పెద్ద ఫిర్యాదు. గేర్లు మరీ పొడుగు. ఆ తీగ స్వరం వినాలంటే రోడ్డు మీద అవకాశం చాలా తక్కువ.

అయితే దానికి గేరు కర్ర ఉంది. మీ ఉత్తరంలో "మాన్యువల్" అన్న మాట ఒకే ఒకసారి, పక్కన ఏదో విశేషణంలా వచ్చింది. నా దృష్టిలో అసలు కథంతా దాని చుట్టూనే ఉంది. 458, హురకాన్, 720ఎస్ మూడింటికీ మాన్యువల్ లేనే లేదు. మూడూ స్టీరింగ్ వెనక పాడిల్స్‌తో, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్స్‌తోనే వచ్చాయి. కనురెప్ప వేసేలోపు గేరు మారుతుంది, ఏ మనిషీ అంత త్వరగా మార్చలేడు. పోర్షే కూడా 2013లో జీటీ3ని అలాగే తెచ్చింది, మాన్యువల్ తీసేసి. నడిపేవాళ్లు ఊరుకోలేదు. 2017లో మళ్లీ ఆరు గేర్ల మాన్యువల్ తెచ్చిపెట్టక తప్పలేదు. సెకన్ల లెక్కలో అది నెమ్మది అని కంపెనీకీ తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు. అయినా అడిగి మరీ తీసుకున్నారు.

ఎందుకో ఒక్క మలుపులో చూద్దాం. కొండదారిలో కుడివైపు ముడుచుకుపోయే మలుపు వస్తోంది. మూడో గేరులో ఉన్నారు. కుడికాలి ముందు భాగం బ్రేక్ మీద. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత బలం పెడితే అంతే బ్రేక్. బరువంతా ముందు చక్రాల మీదికి ఒరిగింది, స్టీరింగ్ బరువెక్కింది. ఎడమకాలు క్లచ్ మీదికి వెళ్లింది. బ్రేక్ వదలకుండానే కుడిపాదం అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టారు, ఇంజిన్ గుర్రుమంది, అదే క్షణంలో గేరు కర్ర రెండులోకి దిగింది. కరెక్టుగా కుదిరితే ఏ కుదుపూ ఉండదు. క్లచ్ వదిలారు. తిరిగారు. ఇంజిన్ వెనక చక్రాలకన్నా వెనక వేలాడుతోంది, కారు బరువులో 60 శాతం దాకా అక్కడే. కాబట్టి మలుపు మధ్యలో భయపడి కాలు పూర్తిగా తీసేస్తే వెనకభాగం బయటికి జరగాలని చూస్తుంది. తీయకండి. కొద్దిగా నొక్కి ఉంచండి. ఆ బరువే వెనక టైర్లను రోడ్డుకి అదిమి పట్టి మిమ్మల్ని బయటికి విసురుతుంది. ఇదంతా మూడు సెకన్లు. ఇందులో ఆరు పనులు మీరు చేశారు. పాడిల్ కారులో రెండు చేసేవారు.

(ఆ యాక్సిలరేటర్ తట్టే పని కారే చేసిపెట్టే ఏర్పాటు జీటీ3లో ఉంది. దాన్ని ఆపుకోవచ్చు కూడా. ఆపుకోండి. మొదటి నెల తప్పులు పోతాయి, పర్వాలేదు.)

911 నచ్చడంలో ఉన్న రహస్యం ఇదే అంటాను. ఇంజిన్ ఉండకూడని చోట పెట్టారు. 1963లో అలా మొదలుపెట్టి, అరవై ఏళ్లుగా ఆ తప్పును దిద్దుకుంటూనే ఉన్నారు, కానీ వదల్లేదు. అందుకని ఆ కారుకి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో నడిపితే పొంగిపోతుంది, లేకపోతే ముక్కు ముందుకు జారుతూ విసుగు చూపిస్తుంది. మిగతా మూడింటిలో ఇంజిన్ సీటు వెనక, నడిమధ్యలో ఉంటుంది. శాస్త్రం ప్రకారం అదే సరైన చోటు. అవి ఎలా తిప్పితే అలా తిరుగుతాయి. నడిపేవాడి నుంచి అవి అడిగేది కూడా తక్కువ.

ఫెరారీ గురించి ఇంకాస్త చెప్పాలి, లేకపోతే 458ని తక్కువ చేసినట్టవుతుంది. టర్బో లేకుండా మధ్యలో వీ8 పెట్టిన ఫెరారీల వరసలో ఆఖరిది అది. 2015లో 488 వచ్చింది, రెండు టర్బోలతో, బలం 670కి పెరిగింది, వేగమూ పెరిగింది. అయినా నడిపేవాళ్లు ఇప్పటికీ 458నే వెతుక్కుంటున్నారంటే కారణం ఆ 9,000. ఇంకో చిన్న సంగతి నాకెంతో ఇష్టం. స్టీరింగ్ మీద మనెట్టినో అనే ఎర్రటి మీట ఉంటుంది, కారు స్వభావం మార్చడానికి. దాన్ని రేస్‌లో పెట్టి కూడా పక్కన ఒక బొత్తాం నొక్కితే సస్పెన్షన్ మాత్రం మెత్తబడుతుంది, గతుకుల దారి కోసం. ఇంజిన్ ఉగ్రంగా, చక్రాలు ఓర్పుగా. కొండదారుల్లో నడిపేవాడు ఎవడో పక్కన కూర్చుని చేయించినట్టుంటుంది. నచ్చనిదేమిటంటే ఇండికేటర్లు, వైపర్లు అన్నీ స్టీరింగ్ మీదే బొత్తాలుగా పెట్టారు. స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడు ఇండికేటర్ ఎటు పోయిందో చూపుతో వెతుక్కోవాలి. హురకాన్‌లోనూ ఇండికేటర్ తంతు ఇంతే.

లంబోర్గినీ విషయంలో మీ గోడ మీది బొమ్మతో మాట్లాడాలి. కౌంటాష్‌ని ప్రపంచంలో కోట్ల మంది ప్రేమించారు, నడిపినవాళ్లు వేలలో ఉంటారు. నడిపినవాళ్లు చెప్పేది వేరే కథ. క్లచ్ తొక్కాలంటే తొడ బలం కావాలి. వెనక్కి చూస్తే ఏమీ కనిపించదు. రివర్స్ చేయాలంటే పైకి లేచే తలుపు తెరిచి, గడప లాంటి అంచు మీద కూర్చుని, వెనక్కి తిరిగి చూస్తూ నడిపేవారు. అయినా ఆ కారు అంటే ప్రాణం పెట్టారు. లంబోర్గినీ బలం అక్కడుంది. కారు దగ్గరికి నడిచి వెళ్లడం, ఎర్రటి మూత ఎత్తి స్టార్ట్ బొత్తాం నొక్కడం, ఆ ఇంజిన్ ఒక్క అరుపుతో లేవడం. అక్కడే సగం డబ్బు వసూలైపోతుంది. ఆ ఆనందం తక్కువదని నేననను. కారంటే ఒక పండగలా ఉండాలనుకునేవాళ్లకు హురకాన్‌ని మించింది ఈ జాబితాలో లేదు. మీకు మనసు అటే లాగితే, నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మొదటి రకం కాకుండా వెనక చక్రాలకే వెళ్లే రకం చూడండి. 580 హార్స్‌పవర్‌తో వచ్చింది ఒకటి, 2022లో వచ్చిన టెక్నికా మరొకటి. మొదటి రకాన్ని మలుపులో గట్టిగా తోస్తే ముక్కు బయటికి జరుగుతుంది, వెనక చక్రాలవి మీతో ఆడుకుంటాయి. మీరు పొడగరి అయితే మాత్రం ముందు కూర్చుని తల పైకప్పుకు తగులుతుందేమో చూసుకోండి.

మెక్‌లారెన్‌లో నేను మనసారా మెచ్చేది ఇంకొకటుంది, చూపు. అద్దం పక్క స్తంభాలు సన్నగా ఉండి, ముందున్న దారంతా విశాలంగా పరుచుకుంటుంది. కారు కార్బన్ ఫైబర్ తొట్టె మీద కట్టింది కాబట్టి బిగువుగా ఉంటుంది. సస్పెన్షన్‌లో మామూలు కార్లకు ఉండే యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీలు) లేవు. నాలుగు చక్రాల డ్యాంపర్లనీ (కుదుపులు అణిచేవి) నూనె గొట్టాలతో కలిపి, కారు పక్కకు ఒరగకుండా ఆపారు. అందుకే గతుకుల మీద ఆశ్చర్యపోయేంత సుఖంగా వెళ్తుంది. ఆ సుఖమే మీ పాలిట ఇబ్బంది. 80లో వెళ్తుంటే 50లో ఉన్నట్టుంటుంది. ఇదే కంపెనీ కారు కావాలంటే 720ఎస్ వదిలేసి 570ఎస్ నడిపి చూడండి. బలం తక్కువ, మామూలు యాంటీ రోల్ బార్లే, కానీ మీ దారుల్లో అది ఎక్కువ ఉత్సాహంగా ఉంటుంది.

ఆస్టన్ మార్టిన్ మీ జాబితాలో లేకపోవడం సబబే. ముందు ఇంజిన్ పెట్టుకుని దూరాలు హాయిగా వెళ్లే స్వభావం వాటిలో చాలావాటిది, మీరు అడిగేది అది కాదు.

కానీ జాబితాలో లేని ఒక కారు మీరు నడపాలి, కొనడానికి కాదు, చేతులకు చదువు చెప్పడానికి. లోటస్ ఎలీజ్. 1996లో వచ్చినప్పుడు దాని బరువు 725 కిలోల దగ్గర్లో ఉంది, అంటే మీరు నడిపిన వాటిలో సగం. ఇంజిన్ బలం 120 హార్స్‌పవర్ కూడా లేదు. స్టీరింగ్‌కి హైడ్రాలిక్కూ లేదు, మోటారూ లేదు, మీ చేతులకూ చక్రాలకూ మధ్య ఏ సాయమూ లేదు. అద్దెకో, స్నేహితుల దగ్గరో గంటసేపు సంపాదించండి. 60లో వెళ్తూ, రోడ్డు మీద గులకరాళ్లు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ అయిపోయాయో చేతికి తెలియడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఆ గంట తర్వాత మిగతా నాలుగూ మళ్లీ నడిపితే, ట్రాక్ మీద మీకు తెలియని తేడాలు మొదటి కిలోమీటరులోనే తెలుస్తాయి. ఇది నేను ఎంతోమందికి చెప్పాను. చేసినవాళ్లు ఎవరూ చేయకుండా ఉంటే బాగుండేదనలేదు.

"ఫెరారీ కొనకుండా పోర్షేనా" అన్నవాళ్ల మాట. వాళ్లు మీ మేలు కోరే అంటారు, కాదనను. కాకపోతే వాళ్లు కారుని బయటి నుంచి చూస్తారు, మీరు లోపలి నుంచి చూస్తారు. తెల్లవారుజామున ఆ కొండదారిలో వాళ్లెవరూ ఉండరు. ఫెరారీ కొని, దాన్ని ఎవరైనా గీకుతారేమో, కిలోమీటర్లు పెరిగితే విలువ పడిపోతుందేమో అని ఇంట్లోనే పెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. మీరు ఆ రకం అవునో కాదో మీకే తెలియాలి. నెలకు మూడు ఆదివారాలూ భయం లేకుండా బయటికి తీయగలిగే కారే మీకు ఎక్కువ ఇస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ట్రాక్ వద్దు. మీకు బాగా తెలిసిన ఒక దారి, అందులో మీకు బాగా తెలిసిన ఒక మలుపు ఎంచుకోండి. అమ్మేవాళ్లను అడిగి 458నీ, వెనక చక్రాల హురకాన్‌నీ ఆ దారిలోకి తీసుకెళ్లండి. ఒకే రోజు రెండూ వద్దు. పాటలు కట్టేయండి, పక్కన కూర్చున్నవాళ్లను పది నిమిషాలు మాట్లాడొద్దని మర్యాదగా అడగండి. ఇంజిన్ వేడెక్కేదాకా నెమ్మదిగా వెళ్లండి, ఆ నెమ్మదిలో కారు ఎలా ఉందో గమనించండి. ఆ తర్వాత అదే మలుపు 60లో మూడుసార్లు తిరగండి. మూడోసారి ఇంకా బాగా తిరగాలనిపించిందా, లేక ఇంతేనా అనిపించిందా చూసుకోండి. 80 నుంచి 40కి బ్రేక్ కొట్టి, పెడల్ మొదటి అంగుళంలో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోండి. దిగాక ఎవరికీ ఫోన్ చేయకండి. రెండు రోజులాగి, గుర్తున్నది ఒక కాగితం మీద రాయండి. శబ్దం గురించే రాశారా, మలుపు గురించి రాశారా?

జీటీ3 వైపే వెళ్తే, కొనే ముందు ఒక్క విషయంలో మొహమాటపడకండి. మాన్యువల్ కారులో పై గేరు వేయబోయి పొరపాటున కింది గేరు వేస్తే ఇంజిన్ తిరగాల్సిన దానికన్నా ఎక్కువ తిరుగుతుంది. అలా ఎన్నిసార్లు జరిగిందో పోర్షే కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. ఆ రిపోర్టు తీయించి చూశాకే బయానా ఇవ్వండి. బ్రేకులు కార్బన్ సెరామిక్ రకమైతే డిస్కుల అరుగుదల కొలిపించండి, మార్చాల్సొస్తే మామూలు ఖర్చు కాదు. ముందుభాగాన్ని పైకెత్తే లిఫ్ట్ ఉన్న కారు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, దిమ్మె వచ్చినప్పుడల్లా గుండె దడ ఉండదు.

అంతకన్నా ముందు స్నేహితుణ్ణి ఇంకొక్క ఆదివారం ఆ కారు అడగండి. ఈసారి అదే కొండదారి, కానీ యాక్సిలరేటర్ తట్టే ఏర్పాటు ఆపేసి. తిరిగొచ్చాక మళ్లీ అలా కూర్చుండిపోతే, హురకాన్ ఇంకోసారి నడపాల్సిన పని కూడా లేదు. కూర్చోకుండా వెంటనే దిగి తలుపు వేసేస్తే మాత్రం 458 దగ్గరికి వెళ్లండి, దాంతో రెండు రోజులు గడపండి. ఏది జరిగిందో నాకు రాయండి.